మావయ్యగారి గొంతులో లేని మాట

పొలం గట్టు మీద నిలబడి మా మావయ్యగారు ఒక్క కేక వేస్తే, ఇంట్లో అత్తయ్యగారు పొయ్యి మీద ఎసరు పెట్టేవారు. ఆ కేకకి అర్థం ‘బయల్దేరుతున్నాను’ అని. ఊరికీ మా మిరప చేనుకీ మధ్య ఒక వాగూ, ఎవరివో పత్తిచేలూ ఉన్నాయి. ఆ గొంతుకి అవేవీ అడ్డం కాదు. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఆ కేక విని, ఎవరో ఎవరినో కొడుతున్నారనుకుని వీధిలోకి పరిగెత్తాను. అత్తయ్యగారు నవ్వి, ఆయన మామూలుగా మాట్లాడితే అంతేననీ, కోపమొస్తేనే మెల్లిగా మాట్లాడతారనీ చెప్పి లోపలికి తీసుకొచ్చారు.

ఇప్పుడు ఆ గొంతు మా హాల్లో బల్ల మీదున్న ల్యాప్‌టాప్‌లో ఉంది. దానికి కాపలా కాయడం నా పని. నేను చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఆ చదువు వల్ల నాకు ఇంతవరకూ ఒరిగింది ఏమిటని ఎవరైనా అడిగితే, జీతం సంగతి తర్వాత, ముందు మావయ్యగారి మాట నిలబెట్టాను అంటాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

చుట్ట ఆయనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. అది చివరికి గొంతులో పుండై కూర్చుంది. గుంటూరులో డాక్టరుగారు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆపరేషన్ చేసి గొంతుపెట్టె తీసేయాలి, మనిషి మిగులుతాడు, మాట మిగలదు. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డారు. అత్తయ్యగారు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయారు. మావయ్యగారు మాత్రం, అన్నం తినొచ్చా అని ఒక్క ప్రశ్న అడిగారు. తినొచ్చని చెప్పాక, అయితే సరే కోసేయండి అన్నారు, ఆసుపత్రి వరండా అంతా వినిపించేలాగా.

ఆపరేషన్‌కి ముందు దసరా సెలవులు వచ్చాయి. మాట పోకముందే దాన్ని దాచుకోవచ్చని నేను ఎక్కడో చదివాను. ఆ సెలవుల్లో వసారాలో కుర్చీ వేసి, ఫ్యాన్ ఆపేసి, మావయ్యగారిని ఫోను ముందు కూర్చోబెట్టాను. వాగు దాటేలా అరిచే మనిషి ఫోను ముందు పెళ్ళిచూపుల్లో పిల్లలాగా గొణిగారు. ఎవరితో మాట్లాడుతున్నట్టు అనుకోమంటావని అడిగితే, ఇంటికొచ్చిన వాళ్ళతో అనుకోండి అన్నాను. అంతే, గొంతు విప్పారు.

“రండి రండి, లోపలికి రండి.” “ఏరా, బాగున్నావా?” “ఎండనపడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళండి.” “భోంచేసి వెళ్ళండి, వంటయిపోయింది.” వంట కాకపోయినా అయిపోయిందనడం ఆయనకి అలవాటు. అత్తయ్యగారిని పిలిచే “ఏమేవ్, ఎక్కడున్నావ్” ఒకటి, నన్ను పిలిచే “అమ్మాయ్” ఒకటి. పొలం నుంచి వేసే కేక కూడా కావాలని నేను పట్టుబడితే, వసారాలో కుదరదని పెరట్లోకి వెళ్ళి వేశారు. ఆ రోజు మా వీధిలో ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు వేళ కాని వేళ ఎసరు పెట్టారేమో కూడా. ఇన్ని మాటల్లో ఒక్క తిట్టు కూడా లేకపోతే ఇల్లెలా నడుస్తుందని అత్తయ్యగారు అంటే, మా ఆయన కోసమని ప్రత్యేకంగా ఒక తిట్టు రికార్డు చేశారు. అది ఇప్పటికీ బాగా పనికొస్తోంది.

ఆపరేషన్ అయింది. మెడ ముందు చిన్న గుడ్డ కట్టుకుని ఇంటికొచ్చారు. గొంతుకి ఆనించి మాట్లాడే పరికరం ఒకటి ఇచ్చారు గానీ, దాని రొద విని దూడ బెదిరిందని దాన్ని అటక మీద పెట్టించారు. నేను ల్యాప్‌టాప్‌లో ఆయన మాటలకి ఒక్కో బొమ్మ పెట్టాను. మజ్జిగ గ్లాసు బొమ్మ నొక్కితే మజ్జిగ మాట, గుమ్మం బొమ్మ నొక్కితే రండి రండి. మీటల మీద తెలుగు అక్షరాలు అంటించి, టైపు చేసింది పైకి చదివే ప్రోగ్రాం పెట్టాను. ఆ ప్రోగ్రాంలో నచ్చిన తెలుగు గొంతు ఒక్కటే దొరికింది, అదీ ఆడగొంతు. మొదటిసారి ఆయన అందులోంచి కాఫీ అడిగినప్పుడు అత్తయ్యగారు కిటికీలోంచి చూసి, ఎవరొచ్చారే అన్నారు. అప్పటి నుంచి ఆ గొంతుకి మా ఇంట్లో ‘ఆవిడ’ అని పేరు. సొంతవాళ్ళని మావయ్యగారు తన గొంతులో పలకరిస్తారు, మిగతా సంగతులు ఆవిడ చేత చెప్పిస్తారు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. నేను పుట్టింది ఒంగోలు వైపు ఊళ్ళో. మా పుట్టింట్లో వద్దంటే వద్దే, ఎదుటివాళ్ళ మొహం చూసి మాట మార్చం. నా నోటి దురుసు గురించి మా అమ్మ పెళ్ళికి ముందే ఇక్కడ చెప్పి పెట్టింది. కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తయ్యగారు నెమ్మదిగా చెప్పారు, ఈ ఇంట్లో అడిగినవాళ్ళతో ‘వద్దు’, ‘లేదు’ అనే మాటలు అనరని. చాలా ఇళ్ళలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు, అది నాకూ తెలుసు. ఈ ఇంట్లో అది ఇంకా ముదిరింది. మిరపకాయలు కోసి కల్లంలో ఎండబోశాక, ఎవరు వచ్చి నిలబడినా దోసెడు కాయలు పెట్టాల్సిందే. కూలికి వచ్చినవాళ్ళు, సోది చెప్పేవాళ్ళు, దారిన పోయే లారీ డ్రైవరు, ఎవరైనా సరే. కల్లం దగ్గరకి వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపితే వచ్చే ఏడు కల్లమే ఉత్తదవుతుందని మావయ్యగారి తండ్రిగారు అనేవారట. మావయ్యగారు ఆ మాటను కల్లంతో ఆపలేదు, బతుకంతా పరిచేశారు.

ఇప్పుడు కంప్యూటర్ సంగతి చూడండి. మావయ్యగారికి ఒంగోలు గిత్తలంటే ప్రాణం. బండలాగుడు పోటీల వీడియోలు చూడడం మొదలుపెట్టారు. ఒక వీడియో అయిపోతే దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన ఎవరో తెలియని వాళ్ళ సైటు. అక్కడికి వెళ్ళగానే ఒక పెట్టె ఊడిపడుతుంది, నోటిఫికేషన్లు పంపవచ్చా అని. ఇంకో పెట్టె, ఇది డౌన్‌లోడ్ చేయమంటారా అని. ఆయనకి అర్థం కావాలని నేనే అన్నీ తెలుగులోకి మార్చి పెట్టాను, అదే కొంప ముంచింది. ఇంగ్లీషులో అడిగితే ఎవరినో అడుగుతున్నాడని ఊరుకునేవారేమో. తెలుగులో, పైగా ‘అనుమతిస్తారా?’ అని మర్యాదగా అడుగుతుంటే ఆ మనిషి కాదనగలరా? వచ్చిన ప్రతి పెట్టెకీ సరే అన్నారు. దోసెడు దోసెడు పెట్టి పంపారు.

నాలుగు వారాలు తిరక్కుండా ల్యాప్‌టాప్ ముసలెద్దులాగా తయారైంది. గుమ్మం బొమ్మ నొక్కితే మనిషి లోపలికొచ్చి కూర్చుని నీళ్ళు తాగాక ‘రండి రండి’ అనేది. తెరమీద మూలల్లోంచి ఏవో బొమ్మలు జారిపడేవి. సరే చూద్దాంలే అనుకుంటూ ఉండగా, ఒకరోజు సాయంత్రం పక్కచేను రైతు వచ్చాడు. మావయ్యగారిని బాబాయ్ అంటాడు. ఆ ఏడు నల్ల తామర పురుగు పడి అతని చేలో పూత పూతంతా మాడిపోయింది. వసారాలో కూర్చుని తలవంచుకుని చెప్పుకుంటున్నాడు. మావయ్యగారు విని, హాల్లోంచి ల్యాప్‌టాప్ తెచ్చుకుని నెమ్మదిగా టైపు చేశారు. దిగులుపడొద్దని కూడా కాదు, ఆ మాట ఆయన అనరు కదా. ‘ధైర్యంగా ఉండు, ఈ ఏడు ఇంటి ఖర్చుకి కాయలు మా కల్లంలోంచి తీసుకెళ్ళు’ అని. చదవమని మీట నొక్కారు. సరిగ్గా ఆ క్షణానికి ఎక్కడి నుంచో ఒక పెట్టె వచ్చి ముందు నిలబడింది. ఆవిడకి ఏది ముందుంటే అది చదవడమే తెలుసు.

“అభినందనలు! ఈరోజు మీరు అదృష్టవంతులు. మీ బహుమతి అందుకోండి” అంది.

ఆ రైతు ల్యాప్‌టాప్ వంక చూసి, “నిజమే బాబాయ్, అదృష్టవంతుణ్ణే. చేలో పురుగు నన్నొక్కణ్ణే వదిలేసింది” అన్నాడు. అతను నవ్వాడు గనక సరిపోయింది. మావయ్యగారి మొహం మాత్రం కందిపోయింది. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాణ్ణి తన నోటితో తాను ఎగతాళి చేసినట్టయిందని ఆయన బాధ. ఆ రాత్రి సరిగ్గా తినలేదు.

మర్నాడు నేను కూర్చుని ఆ చెత్తంతా ఊడ్చాను. వైరస్‌లను పట్టే ప్రోగ్రాం వేశాను. ఆ పెట్టెల్లో రెండో మీట కూడా ఉంటుందనీ, ‘బ్లాక్ చేయి’ అన్నది నొక్కమనీ బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపారు. అడుగుతున్నాడు కదమ్మా, అడిగినవాడికి ఏదో ఒకటి చెప్పాలి కదా అని టైపు చేశారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ మావయ్యా అని నేను కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన నవ్వి గిత్తల వీడియో పెట్టుకున్నారు. ఇల్లు అలకగానే పండగ కాదని నాకు తెలుసు గానీ, బడిలో పరీక్షల హడావుడిలో పడి ఊరుకున్నాను.

కోతలయ్యాయి. కాయలు ఊరి మొదట్లో ఉన్న మా కల్లంలో ఎండుతున్నాయి. ఆ రోజు నేను బస్సు దిగేసరికి ఆకాశం నల్లగా కమ్ముకొచ్చింది. మిరపకాయ ఎండే రోజుల్లో వాన పడిందంటే రైతు నోట్లో మట్టి పడ్డట్టే. తడిసిన కాయ రంగు పోయి తాలుకాయ అవుతుంది, దాన్ని ఎవరూ కన్నెత్తి చూడరు. నేను ఊళ్ళోకి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. ఇంటిల్లిపాదీ కల్లంలోనే ఉన్నారు. మావయ్యగారు ఊపిరి తీసే రంధ్రంలో నీళ్ళు పడకుండా మెడ గుడ్డ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒంటి చేత్తోనే టార్పాలిన్ పట్ట లాగుతున్నారు. అత్తయ్యగారు నన్ను చూడగానే ఇంట్లో మోకులున్నాయి పట్టుకురమ్మని కేక వేశారు.

పరిగెత్తుకుంటూ ఇంట్లోకి వెళ్ళాను. హాల్లోంచి వెళ్తుంటే ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. తెర మధ్యలో ఒక పెట్టె. ‘మీ కంప్యూటర్ శుభ్రం చేయబడింది’ అని పైన ఉంది. దాని కింద, పనికిరాని ఫైళ్ళు ఇవీ, వీటిని శాశ్వతంగా తొలగించమంటారా అని. ఆ పనికిరానివేమిటా అని చూస్తే, రండి రండి, మజ్జిగ, ఏమేవ్, అమ్మాయ్, పొలం కేక. అన్నీ ఆయన గొంతులే. మౌసు బాణం ‘అవును’ మీద ఆగి ఉంది. నొక్కబోయి లేచి వెళ్ళిన గుర్తు అది.

వాటిని రికార్డు చేసిన ఫోను ఎప్పుడో పాడైపోయింది. ఆ మాటలు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. వాటిని మళ్ళీ పలకడానికి ఆ మనిషికి గొంతు లేదు. నెమ్మదిగా, గాజుగిన్నె మీద చెయ్యి వేసినట్టు బాణాన్ని జరిపి ‘కాదు’ నొక్కాను. ఇంటర్నెట్ తీగ పీకేశాను. అప్పుడు గుర్తొచ్చింది మోకుల సంగతి.

ఆ వాన వల్ల మా కల్లంలో ఒక మూల కాయలన్నీ తడిసి తాలైపోయాయి. ఊరంతా ఆ వానని తిట్టింది. నేను మాత్రం తిట్టలేదు, ఇప్పటికీ తిట్టను. ఆ చినుకులు కాసేపు ఆగి మొదలై ఉంటే మావయ్యగారు మర్యాదగా ‘అవును’ అని ఉండేవారు. కాయలైతే వచ్చే ఏడు మళ్ళీ కాస్తాయి.

సాయంత్రం ఆయన్ని అడిగితే దాపరికం లేకుండా చెప్పారు. కంప్యూటర్ నీరసంగా ఉంది, శుభ్రం చేయమంటారా అని వచ్చి అడిగాడట, మంచిదే కదా అని సరేనన్నారట. తర్వాత ఇంకేదో అడిగితే అదీ అవునందామనుకునేలోగా ఉరిమిందట. కంచే చేను మేయడమంటే ఇదే మావయ్యా అన్నాను. మౌసు ఎక్కడ ఆగి ఉందో కూడా చెప్పాను. ఆయన పొలం కేక బొమ్మ నొక్కి చూసుకున్నారు. హాల్లో ఆ కేక పెద్దగా వినిపించింది. వంటింట్లోంచి అత్తయ్యగారు, ఇంట్లోనే ఉండి ఆ అరుపేమిటన్నారు. అత్తయ్యగారికి అప్పటికింకా ఏమీ తెలియదు.

ఫైళ్ళన్నీ వాటి చోట పెట్టి, మిగతా కంప్యూటర్ అంతా గాలించాను. ఆ శుభ్రం చేసేవాడికన్నా ముందే, కోతలు మొదలవకముందే, పిలవని పేరంటానికి వచ్చినట్టు ఇంకొకటి వచ్చి మూల కూర్చుని ఉంది. అది తెరమీద ఏమీ చూపించదు, ఏమీ అడగదు. మీటల మీద వేలు పడినప్పుడల్లా ఆ అక్షరం రాసుకుని, ఊరూ పేరూ తెలియని చోటుకి పంపుతుంది. బడిలో పిల్లలకి స్పైవేర్ అంటే ఏమిటో ఏటా చెబుతాను. పాస్‌వర్డులు పోతాయని చెబుతాను. మావయ్యగారి విషయంలో అది పాస్‌వర్డుతో పోయేది కాదు. మనం నోటితో మాట్లాడేదంతా ఆయన వేళ్ళతో మాట్లాడతారు. మా ఇంట్లో ఆయన అన్న ప్రతి మాటా ఎవడో చూరు కింద నిలబడి విన్నట్టే.

అందులో ఒక మాట నాకు గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. కోతలప్పుడు, స్కానింగ్‌కి గుంటూరు వెళ్ళాల్సిన రోజు పొద్దున్న, అత్తయ్యగారు పెరట్లో ఉన్నప్పుడు ఆయన నన్ను సైగ చేసి పిలిచారు. శబ్దం ఆపేసి టైపు చేసి చూపించారు. ‘మళ్ళీ కనపడిందంటే ముందు నాకు చెప్పు. మీ అత్తయ్యకి నేను చెప్పుకుంటాను. భయంగా ఉందమ్మాయ్.’ నేను చదవగానే చెరిపేశారు. దేవుడి దయ వల్ల ఆ స్కానింగ్‌లో ఏమీ కనపడలేదు. కానీ కట్టుకున్న మనిషికి కూడా చెప్పకుండా దాచుకున్న ఆ భయాన్ని ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు తీసుకెళ్ళాడు. చేతికి దొరికి ఉంటే మా పుట్టింటి భాషలో నాలుగు అనేదాన్ని.

అత్తయ్యగారు పాలకి వెళ్ళినప్పుడు ఆయనకి విషయం చెప్పాను. టైపు చేసిందంతా వెళ్ళిందని చెప్పాను. ఆయన మీటల మీద రెండు మాటలు కొట్టారు. ‘అది కూడానా?’ అవును మావయ్యా, అదీ అందులోనే అన్నాను. ఆయన మూత మూసేశారు. మర్నాడంతా దాన్ని తెరవలేదు. ఎవరైనా వస్తే చేత్తో కూర్చోమన్నారు. ఆపరేషన్ అయి వచ్చిన రోజు కూడా మా ఇల్లు అంత మూగగా లేదు.

ఊరుకుంటే కుదరదని, ఆదివారం పొద్దున్న ఆయన్నీ అత్తయ్యగారినీ కూర్చోబెట్టి, గొంతులు పోబోయిన సంగతి చెప్పాను. మావయ్యగారికి వేరే ఖాతా పెడతాననీ, అందులో మాట్లాడుకోవచ్చు, పేపరు చదువుకోవచ్చు, గిత్తల్ని చూసుకోవచ్చుననీ చెప్పాను. కొత్తది ఏది లోపలికి రావాలన్నా, ఉన్నది ఏది మారాలన్నా, నా దగ్గరున్న పాస్‌వర్డు అడుగుతుంది. ఆ మాట అంటున్నప్పుడు నాకే తడబాటుగా అనిపించింది. ఊరంతా వినేలా మాట్లాడిన మనిషి నోటికి కోడలు తాళం వేస్తున్నట్టు ఉంటుందేమోనని భయం. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

అత్తయ్యగారు వేరుశనగకాయలు వలుస్తూ వింటున్నారు. వలుస్తూనే అన్నారు. “ఏవండీ, కల్లంలో అడిగినవాళ్ళకి పెడతాం, బాగానే ఉంది. విత్తనపు కాయ కల్లంలో పోస్తామా? సామాన్ల గదిలో కొక్కేనికి కడతాం. అడిగేవాడి కంట పడకపోతే కాదనాల్సిన పనే లేదు కదా.”

మావయ్యగారి భుజాలు కదిలాయి. ఆయన నవ్వితే ఇప్పుడు అలాగే తెలుస్తుంది. తర్వాత మూత తెరిచి, ల్యాప్‌టాప్‌ని నా వైపు తిప్పారు. నేను ఇన్నాళ్ళూ చదువుకున్నది, బళ్ళో చెప్పింది, ఆ ఒక్క మాట ముందు ఏపాటి? పాడైపోయింది ఏరేసి మంచిది దాచుకోవడం వాళ్ళకి నేను నేర్పేదేముంది. నేను చేసిందల్లా దాన్ని కంప్యూటర్‌లో చేసి పెట్టడమే.

ఆ రోజంతా ఆ పనే. మొత్తం తుడిచేసి కొత్తగా వేశాను. నోటిఫికేషన్లు అడిగే అవకాశమే లేకుండా చేశాను, ప్రకటనలు ఆపేది పెట్టాను, పాత పాస్‌వర్డులన్నీ మార్చాను. గొంతులన్నీ తుడవకముందే ఇంకో చోట దాచి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించి అత్తయ్యగారి చేతికిచ్చాను. ఆవిడ దాన్ని ఖాళీ మందు సీసాలో వేసి మూత బిగించి, పాత చీర ముక్కలో మూటకట్టి, విత్తనపు కాయల మూట పక్కనే కొక్కేనికి తగిలించారు. విత్తనాలు ఎండబెట్టిన రోజున నేను దాన్ని కూడా దింపి, ఇంకా మాట్లాడుతోందా లేదా అని చూస్తాను.

అంతా అయిందనుకుంటే మావయ్యగారు మళ్ళీ పిలిచారు. మొహంలో ఏదో ఇబ్బంది. ఎంత కట్టుదిట్టం చేసినా ఎప్పుడో ఒకటి వచ్చి అడగక మానదు కదా, అప్పుడు నేనేం చెప్పాలి అని ఆయన సందేహం. కాదన్న మీట నొక్కండి చాలన్నాను. ఆయన తృప్తిపడలేదు. మాట లేకుండా తలుపు మొహాన వేసినట్టుంటుందట. తర్వాత మెల్లిగా కొట్టారు. ‘నా గొంతులన్నీ వెతికాను. వద్దు అన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు.’

నేను ఆ సంగతి అప్పటిదాకా గమనించలేదు. సెలవులన్నీ కూర్చుని అన్ని మాటలు చెప్పిన మనిషి, ఆ ఒక్క మాటా చెప్పలేదు. ఇక చెప్పలేరు. ఆవిడ చేత అనిపించవచ్చు కదా మావయ్యా అన్నాను, ఆ మిషను గొంతు గురించి. ఆయన వెంటనే కొట్టారు.

‘ఆవిడ పరాయిది. మన ఇంటి తరఫున వద్దనడానికి ఆవిడెవరు? నువ్వు అను.’

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. ఆ మాట నోట రాకుండా పళ్ళ బిగువున ఎన్నేళ్ళు కాపురం చేశాను ఆ ఇంట్లో! పప్పు మూడోసారి వడ్డిస్తున్నా చెయ్యి అడ్డం పెట్టేదాన్నే గానీ వద్దనేదాన్ని కాదు. ఇప్పుడు ఆ ఇంటి పెద్దమనిషి తన నోట లేని మాటని పిలిచి నా నోట పెట్టారు. అదే వసారాలో, అదే కుర్చీలో, ఈసారి నేను ఫోను ముందు కూర్చున్నాను. మొదటిసారి గొణిగాను. ఆయన తల అడ్డంగా ఊపి, వాగు అవతలికి చెయ్యి చూపించారు. అక్కడికి వినపడాలని. రెండోసారి గట్టిగా అన్నాను. ‘వద్దండీ.’ అండీ వదిలేసి అనడానికి నోరు రాలేదు, ఈ ఇంటి నీళ్ళు తాగి నేనూ కొంత పాడయ్యాను. ఆ మాటకి బొమ్మ ఏం పెట్టమంటారని అడిగితే, గాజుల చెయ్యి బొమ్మ చూపించారు.

మొన్నామధ్య మధ్యాహ్నం నేను వంటింట్లో ఉన్నాను. హాల్లో ల్యాండ్‌లైన్ ఎప్పుడో పోయింది గానీ మావయ్యగారి సెల్‌ఫోను అంతకన్నా పెద్దగా మోగుతుంది. ఆయన ఎత్తి, స్పీకర్ నొక్కి ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకున్నారు. అవతల ఎవరో కుర్రగొంతు, చక్కటి తెలుగు. మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది సార్, నేను చెప్పిన యాప్ ఒకటి వేసుకుంటే ఇక్కణ్ణించే బాగుచేస్తాం, వేసుకుంటారా సార్ అని అడుగుతున్నాడు. నేను పిండి చేతులతోనే గుమ్మం దాకా పరిగెత్తాను.

హాల్లోంచి నా గొంతు వినిపించింది. “వద్దండీ.”

అతను ఆగలేదు. ఇది చాలా ప్రమాదం సార్, లేట్ చేస్తే మొత్తం పోతుంది, ఒక్క నిమిషం పని అని తరుముకొస్తున్నాడు. మావయ్యగారు కంగారుపడలేదు. గాజుల చెయ్యి మీద మళ్ళీ నొక్కారు. “వద్దండీ.” వాగు అవతలికి వినపడేలా.

మావయ్యగారు వేలు పక్కకి జరిపారు. ఈసారి ఆయన సొంత గొంతు, ఆపరేషన్‌కి ముందున్న గొంతు, హాలంతా నిండింది.

“ఎండనపడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళండి.”

అవతలివాడు ఫోను పెట్టేశాడు. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి పిండి కలుపుకుంటున్నాను. కాసేపటికి హాల్లోంచి “అమ్మాయ్” అని పిలుపు వచ్చింది. చేతులు కడుక్కుని వెళ్ళాను. ఆయన తెర నా వైపు తిప్పి చూపించారు.

‘బాగా చెప్పావు.’